దిగినంతా ఎక్కాలి: ఆత్రేయపురం కాలువ గట్టు నుంచి మారేడుమిల్లి ఘాట్‌కి సైకిల్ మీద

“టైరు రాయిలా ఉంటే రోడ్డు మీది గోతులన్నీ రేకులకే తగుల్తాయిరా. కొంచెం మెత్తగా పెట్టు.”

సైక్లింగ్‌లో నేను తీసుకున్న మొదటి కోచింగ్ ఇదే. కోచ్ మా నాన్న. ఆయన ఏ రేసులోనూ తొక్కలేదు. 1990ల్లో వారానికి రెండుసార్లు మా ఊరు ఆత్రేయపురం నుంచి రాజమండ్రి మిఠాయి కొట్లకి సైకిల్ కారియర్ మీద పూతరేకులు వేసుకెళ్లేవారు. పూతరేకు సంగతి మీకు తెలిసిందే. బోర్లించిన కుండ కింద మంట, పైన పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డ. గుడ్డ అలా తగిలించి ఇలా తీస్తే కాగితం కన్నా పల్చటి రేకు వస్తుంది. 2023లో దానికి జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. కానీ ఆ రేకుని పాతిక కిలోమీటర్లు గతుకుల రోడ్డు మీద విరక్కుండా చేర్చినవాళ్లకి ఏ ట్యాగూ లేదు.

నా సైకిల్ టైరు మీద ‘గరిష్ఠం 85’ అని రాసుంటే నేను 85 కొట్టేసేవాణ్ని. నాన్న బొటనవేలితో నొక్కి చూసి పెదవి విరిచారు. 60కి తగ్గించాను. చేతుల తిమ్మిరి పోయింది. తర్వాత నెట్‌లో చదివితే తెలిసింది, టూర్ డి ఫ్రాన్స్ వాళ్లు కూడా ఒకప్పటి 23 మిల్లీమీటర్ల సన్న టైర్లు వదిలేసి, 28కీ ఆపైకీ వెళ్లి, గాలి తగ్గించారట. ఆ మాట నాన్నకి చెబితే, “వాళ్లు కూడా రేకులు మోస్తారేంటి?” అన్నారు.

వర్క్ ఫ్రమ్ హోమ్ అనే అబద్ధం

అసలు విషయం ముందే చెప్పేస్తాను. గత అక్టోబరులో మా కంపెనీ మా టీమ్‌లో సగం మందిని తీసేసింది. ఆ సగంలో నేనూ ఉన్నాను. హైదరాబాద్‌లో రూమ్ ఖాళీ చేసి, సైకిల్‌ని బస్సు టాప్ మీద వేసుకుని ఇంటికొచ్చాను. అమ్మానాన్నలకి మాత్రం “కొన్నాళ్లు వర్క్ ఫ్రమ్ హోమ్ ఇచ్చారు” అని చెప్పాను.

రోజూ తొమ్మిదిన్నరకి మేడ మీద గదిలో లాప్‌టాప్ తెరిచేవాణ్ని. ఉద్యోగాలకి అప్లికేషన్లు పెట్టేవాణ్ని. అమ్మ కాఫీ తెచ్చినప్పుడు చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని “యా, యా, ష్యూర్” అనేవాణ్ని. అవతల ఎవరూ ఉండేవారు కాదు. ఇరవై ఎనిమిదేళ్లొచ్చాక ఇలా నటించడం ఎంత సిగ్గుగా ఉంటుందో, ఆ పరిస్థితిలో ఉన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

సాయంత్రం ఐదవగానే సైకిల్ తీసేవాణ్ని. రాత్రి పడుకునే ముందు యూట్యూబ్‌లో ఆల్ప్స్ పర్వతాల వీడియోలు చూసేవాణ్ని. ఇటలీలో స్టెల్వియో కనుమ అని ఒకటుంది. 2,757 మీటర్ల ఎత్తు. ఒకవైపు నుంచి ఎక్కితే 24 కిలోమీటర్లలో 48 హెయిర్‌పిన్ మలుపులు, ప్రతి మలుపుకీ ఒక నంబరు రాయి. ఫ్రాన్స్ కనుమల్లో అయితే ప్రతి కిలోమీటరుకీ ‘పైకి ఇంకా ఇంత దూరం, ముందు వాలు ఇంత శాతం’ అని బోర్డు కూడా ఉంటుంది. ఎంత మిగిలిందో రోడ్డే చెప్పేస్తుందన్నమాట. ఆ రోజుల్లో నాకు అన్నిటికన్నా అసూయ కలిగించింది ఆ మంచు కాదు, ఆ లోయ కాదు. ఆ బోర్డులు.

మా ఊరి కొండ ఎత్తెంత?

ఆత్రేయపురంలో ఎత్తు అంటే కాలువ వంతెనే. అది ఎక్కడానికి గేరు కూడా మార్చక్కర్లేదు. కానీ సైకిల్‌కి ఇంతకన్నా మంచి చోటు నేను చూళ్లేదు. బొబ్బర్లంక దగ్గర బయల్దేరే మధ్య డెల్టా కాలువ మా పక్క నుంచే వెళ్తుంది. గట్టు మీద రోడ్డు, ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క కొబ్బరి, అరటి. శనివారం ఒక్కరోజు మాత్రం వాడపల్లి వెంకన్న దగ్గరికి ఏడు శనివారాల మొక్కున్న జనంతో రోడ్డు కిక్కిరిసి ఉంటుంది. ఆ రోజు సైకిల్ ఇంట్లో ఉంచడం మేలు.

ఇటు లొల్ల లాకుల దాకా, అటు ర్యాలి జగన్మోహినీ కేశవస్వామి గుడి దాకా నా సాయంత్రాలు గడిచేవి. ఒకరోజు లాకుల మీద కూర్చుంటే చిన్న లెక్క తట్టింది. పూర్వం పడవలు ఈ కాలువల్లోనే ధాన్యం మోసేవి. నేల చదునుగా ఉంటే లాకులు ఎందుకు? నేల చదును కాదు కాబట్టి. పడవని ఒక గదిలో పెట్టి, నీళ్లు నింపి లేదా వదిలి, ఒక మెట్టు ఎక్కించడమో దించడమో లాకు పని. అంటే లాకు కూడా ఒక ఘాటే. మరి ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా మా డెల్టా మొత్తం దిగేది ఎంత? గట్టిగా పదిహేను మీటర్లు కూడా ఉండదు. ఆరు శాతం వాలున్న ఘాట్ రోడ్డులో 300 మీటర్లు తొక్కితే 18 మీటర్లు ఎక్కేస్తాం. ఒక మలుపు నుంచి ఇంకో మలుపుకి వెళ్లేసరికి మా కోనసీమంత ఎత్తు అయిపోతుంది!

ఆ లెక్క బుర్రలోంచి పోలేదు. మనకి దగ్గర్లో ఘాట్ ఏది? మారేడుమిల్లి. సంక్రాంతి వెళ్లిన వారం బయల్దేరదామనుకున్నాను. రావులపాలెం అరటి మార్కెట్‌లో పనిచేసే మా అత్త కొడుకు నేనూ వస్తానన్నాడు. మా ఇద్దరికీ మూడు నెలలే తేడా. ఒకరినొకరం ‘బావా’ అనే పిలుచుకుంటాం.

బయల్దేరే ముందు రాత్రి నాన్న ఒక పూతరేకుల డబ్బా నా కారియర్ బ్యాగులో పెట్టి, “రెండ్రోజుల తర్వాత ఎన్ని విరిగాయో చూస్తా” అన్నారు. తర్వాత అసలు మాట అన్నారు. “కొండ దగ్గర ఒకటి గుర్తుంచుకో. దిగినంతా ఎక్కాలి. దిగేటప్పుడు ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.”

బ్యారేజీ దాటితే వేరే లోకం

తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాం. మంచు పట్టి కాలువ కనిపించడం లేదు, చప్పుడు మాత్రమే వినిపిస్తోంది. బొబ్బర్లంక దగ్గర బ్యారేజీ ఎక్కాం. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేసిన ఆనకట్ట స్థానంలో 1982కి ఈ కొత్త బ్యారేజీ వచ్చింది. నదిలో లంకలుండడం వల్ల ఇది నాలుగు ముక్కలుగా ఉంటుంది, మొత్తం 175 గేట్లు. మేం రెండు ముక్కలు దాటితే చాలు. ర్యాలి వైపుది, పిచ్చుకలంక, ఆపైన ధవళేశ్వరం వైపుది.

వరదలప్పుడు టీవీలో ‘ధవళేశ్వరం వద్ద మూడో ప్రమాద హెచ్చరిక’ అని వింటారు కదా, అది ఇక్కడి నీటిమట్టమే. 11.75 అడుగులకి మొదటిది, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జులైలో ఆ మూడోదీ దాటింది. 1986 ఆగస్టు వరద గురించి అమ్మ ఇప్పటికీ భయంగా చెబుతుంది. ఆ రోజు మాత్రం గోదారి నిద్రపోతున్నట్టుంది. ధవళేశ్వరం చేరేసరికి తూర్పు ఎరుపెక్కింది.

రాజమండ్రిలో ఇడ్లీ తిని, కోరుకొండ రోడ్డు పట్టాం. అక్కడి నుంచి గంటలో నేల రంగు మారిపోతుంది. మా దగ్గర దాళ్వా నాట్లు పడుతున్న నల్ల బురద, ఇక్కడ ఎర్రమట్టి, జీడిమామిడి, పామాయిల్ తోటలు. రోడ్డు ఒకసారి లేస్తుంది, ఒకసారి కూర్చుంటుంది. మా బావ మొదటిసారి గేర్లు ఎందుకున్నాయో తెలుసుకున్నాడు. గోకవరం ఏజెన్సీకి గుమ్మం లాంటిది. నీళ్లు, అరటిపళ్లు, చిల్లర డబ్బులు అక్కడే నింపుకోండి.

గోకవరం దాటి అడవిలోకి వెళ్లాక మొదటి నిజమైన ఎత్తు తగిలింది. ఇక్కడ కొంచెం ఇంజనీరింగ్ చెప్పకపోతే నా డిగ్రీకి అన్యాయం.

నాన్న సైకిల్‌కి చైన్ వీల్ పళ్లు 44, వెనక ఫ్రీవీల్ పళ్లు 18. నేను లెక్కపెట్టాను. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్ సుమారు 5.4 మీటర్లు ముందుకెళ్తుంది. నా సైకిల్ అతి చిన్న గేరులో ముందు 28, వెనక 34. ఒక చుట్టుకి 1.8 మీటర్లే. ఎత్తులో నా వేగం గంటకి ఏడు కిలోమీటర్లు. ఆ వేగంలో నాన్న సైకిల్ మీదైతే నిమిషానికి 21 చుట్లు మాత్రమే తొక్కాలి. ఒక్కో తొక్కుకీ ఒంటి బరువంతా వేసినా సరిపోదు. నేను మాత్రం నిమిషానికి అరవైకి పైగా తొక్కుతూ కూర్చోవచ్చు. గేరు బలం ఇవ్వదు, పనిని చిన్న చిన్న వాయిదాల్లో కట్టనిస్తుంది. అంతే తేడా.

ఈ రోడ్ల కింద ఏముంది

మధ్యాహ్నానికి రంపచోడవరం. ఇది రంప పితూరీల నేల. 1879లో ఒకటి, అల్లూరి సీతారామరాజు నడిపిన 1922-24 పోరాటం ఇంకొకటి. స్కూల్లో మనం పోలీస్‌స్టేషన్ల మీద దాడుల గురించే చదువుకున్నాం. చింతపల్లి 1922 ఆగస్టు 22న, తర్వాత కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. కానీ ఆ కోపానికి ఉన్న కారణాల్లో ఒకటి రోడ్డు. గూడెం ప్రాంతంలో బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దార్ నర్సీపట్నం–చింతపల్లి ఘాట్ రోడ్డు పనికి గిరిజనుల్ని బలవంతంగా తోలించి, కూలి సరిగా ఇవ్వలేదు. అప్పటికే అటవీ చట్టాలతో పోడు వ్యవసాయం మీద దెబ్బ పడి ఉంది.

అది ఈ రోడ్డు కాదు, దీనికి చాలా తూర్పున ఉంది. కానీ కొండల్లో ఏ రోడ్డూ దానంతటదే పడలేదన్న సంగతి, బండి మీద వెళ్తే తట్టదు. సైకిల్ మీద ఏడు కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే పక్కన కొట్టిన రాయి, పేర్చిన గోడ, తవ్విన కల్వర్టు అన్నీ కళ్లముందు నిలబడతాయి. ఎవరో ఒకరు తవ్వారు కదా అనిపిస్తుంది.

భూపతిపాలెం రిజర్వాయర్ దగ్గర కాసేపు ఆగి, సాయంత్రానికి మారేడుమిల్లి చేరాం. మొత్తం 110 కిలోమీటర్ల దాకా వచ్చింది. ‘పుష్ప’ షూటింగ్ ఇక్కడి అడవిలో జరిగినప్పటి నుంచి వీకెండ్ జనం బాగా పెరిగారు. రోడ్డు పక్కన నిప్పుల మీద వెదురు బొంగులు వరసగా కాలుతున్నాయి. బొంగులో చికెన్‌లో నూనె వెయ్యరు, నీళ్లు పొయ్యరు. మసాలా పట్టించిన ముక్కలు బొంగులో కూరి, ఆకుతో మూతి మూసి కాల్చేస్తారు. వెదురులోని తడికే ఉడుకుతుంది. రోజంతా తొక్కినవాడికి దాని రుచి గురించి అభిప్రాయం అడక్కండి, రాళ్లు పెట్టినా తినేవాళ్లం.

పడుకునే ముందు డబ్బా తెరిచాను. ఇరవై పూతరేకుల్లో మూడు విరిగాయి. విరిగినవి మేమే తినేశాం. బెల్లం, నెయ్యి, బియ్యం. ఎనర్జీ బార్ అని వందలు పోసి కొనేదాంట్లో ఇంతకన్నా ఏముంటుంది?

పదకొండో మలుపు

మారేడుమిల్లి ఘాట్‌లో ఒక తిరకాసు ఉంది. ఆల్ప్స్‌లో ముందు ఎక్కుతారు, తర్వాత దిగుతారు. మారేడుమిల్లిలో బస చేసినవాడు కొంచెం కొంచెంగా ఎక్కి, ఆ తర్వాత చింతూరు వైపు మలుపులు మలుపులుగా దిగుతాడు. తిరిగి రావాలంటే అదంతా ఎక్కాలి. మా ప్లాన్ తులసిపాక దాకా దిగి, టిఫిన్ చేసి, ఎక్కి రావడం.

పొద్దున్న ఏడున్నరకి బయల్దేరాం. మంచు చెట్ల మీంచి నీళ్లలా కారుతోంది. కాఫీ, మిరియాల తోటలు దాటాక ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే పోయాయి. చివరిది పోయినప్పుడు నాకు కలిగిన హాయి చెప్పలేను. ఇక్కడ నేను ఏ మీటింగ్‌లో ఉన్నట్టూ నటించక్కర్లేదు.

దిగుడు మొదలైంది. అబ్బ! తొక్కక్కర్లేదు, చల్లగాలి, వెదురు పొదల మధ్య రోడ్డు తనే తీసుకెళ్తోంది. మలుపులు లెక్కపెట్టడం మొదలెట్టాను. ఒకటి, రెండు, మూడు. లోయ వైపు నుంచి లారీ హారన్ వినిపిస్తే పక్కకి ఆగడం, మళ్లీ జారడం. ఆరు, ఏడు. నాన్న చెప్పిన మాట గుర్తులేదు. అక్షరాలా గుర్తులేదు.

తొమ్మిదో మలుపు దగ్గర వెనక నుంచి బావ కేక. “బావా, బ్రేకు పడట్లేదు!” మట్టి గట్టుకి ఆనించి ఎలాగో ఆపాడు. అతనిది సెకండ్‌హ్యాండ్ సైకిల్, రిమ్ బ్రేకులు. దిగుడంతా బ్రేక్ పట్టుకునే వచ్చాడు. రబ్బర్లు అరిగి లోపలి ఇనుము కనిపిస్తోంది, రిమ్ ముట్టుకుంటే చెయ్యి కాలింది. బయల్దేరే ముందు టైర్లు చూశాం, చైన్‌కి నూనె వేశాం, ఆ రబ్బర్లు ఎవరూ చూళ్లేదు. ఘాట్ దిగడానికి వెళ్తూ బ్రేకులు చూడకపోవడం కన్నా బుద్ధితక్కువ పని ఉండదు. ఆ పని చేసింది ఇద్దరం.

నడిపించుకుంటూ ఇంకో రెండు మలుపులు దిగాం. ఎందుకు దిగామో ఇప్పటికీ అర్థం కాదు. ‘ఇంత దూరం వచ్చాం కదా’ అనే రోగం. బావ అన్నాడు, “నువ్వు వెళ్లొచ్చెయ్, నేనిక్కడ కూర్చుంటా.” నా డిస్క్ బ్రేకులు బాగానే ఉన్నాయి. వెళ్తే తులసిపాక చేరినట్టు ఫొటో ఉంటుంది. పదకొండో మలుపులో రాతి మీంచి నీళ్లు కారుతున్న చోట నిలబడి ఆలోచించాను.

అప్పుడే కింది నుంచి ఒకాయన పైకొస్తున్నాడు. పాత సైకిల్, గేర్లు లేవు. కారియర్ మీదా హ్యాండిల్ మీదా కొండచీపుర్ల కట్టలు. తొక్కడం లేదు, తోసుకొస్తున్నాడు. మా దగ్గర ఆగి నీళ్లు పట్టుకుని తాగాడు.

“ఎక్కడికి బాబూ?”

“ఎక్కడికీ లేదండి. ఊరికే దిగి, మళ్లీ ఎక్కుదామని.”

ఆయన నవ్వలేదు, వింతగా కూడా చూడలేదు. నా గేర్లు చూసి, “ఇక్కడెవరూ తొక్కరు. నడిపిస్తారు” అన్నాడు. బావ సైకిల్ చూసి, “కిందకి ఇంకా చాలా ఉంది. ఎక్కిపోండి, పొద్దు తొందరగా పోద్ది” అని తన దారిన తోసుకుంటూ పోయాడు.

ఆ మాటకి నాన్న మాట గుర్తొచ్చింది. దిగినంతా ఎక్కాలి. తులసిపాక పది నిమిషాల్లో దిగిపోతాను కావచ్చు. ఎక్కడానికి ఎంత పడుతుంది? లెక్క వేశాను. నేను 74 కేజీలు, సైకిల్ 14, సామాను 8. మొత్తం 96. వంద మీటర్ల ఎత్తు ఎక్కాలంటే 94 వేల జౌళ్ల పని. నా కాళ్లు ఆగకుండా ఇవ్వగలిగేది 130 వాట్లు. అంటే వంద మీటర్లకి 12 నిమిషాలు, రోడ్డు రాపిడి కలిపితే పధ్నాలుగు, పదిహేను. ఇలాంటి వందలు ఎన్ని ఉన్నాయో చెప్పే బోర్డు లేదు. ఫోన్ లేదు. బావ ఒక్కడే అడవిలో కూర్చోవాలి.

లెక్క కన్నా ముఖ్యమైనది ఇంకొకటి తట్టింది. మూడు నెలలుగా నేను చేస్తున్నది కూడా దిగుడే. మొదటి రోజు చెప్పేసి ఉంటే ఒక మలుపు ఎక్కితే సరిపోయేది. రోజుకో మీటింగ్ పేరుతో నటించిన కొద్దీ ఇంకో మలుపు కిందకి జారాను. దిగుతున్నప్పుడు చల్లగానే ఉంటుంది.

“పద బావా, వెనక్కి పోదాం” అన్నాను.

ఎక్కుడు

ఎక్కడానికి రెండు గంటల పైనే పట్టింది. నేను మలుపు దాకా తొక్కడం, ఆగడం, బావ తోసుకుంటూ రావడం. ఎండెక్కింది. కోతులు డబ్బా వాసన పట్టి వెంటపడ్డాయి. ఐదో మలుపు దగ్గర నేనూ దిగి నడిపించాను. చీపుర్లాయన చెప్పాడుగా, ఇక్కడ అందరూ నడిపిస్తారు. ఆ మాట గుర్తుకొచ్చి సిగ్గు పడలేదు.

మూడో మలుపు దాటాక కాళ్లు సర్దుకున్నాయి. ఎందుకో తెలీదు, ఊపిరి పెడల్‌తో కలిసింది. పైకి చేరాక అక్కడ రాయి లేదు, బోర్డు లేదు. రోడ్డు కొంచెం చదునయింది, గేరు ఒకటి పెంచాను. అదే శిఖరం. సాయంత్రం మారేడుమిల్లిలో బావ సైకిల్‌కి పాత రబ్బర్లేవో దొరికితే వేయించి, మర్నాడు గోకవరం దాకా మెల్లగా దిగి, అక్కడి నుంచి అతన్ని సైకిల్‌తో సహా బస్సెక్కించాను. మిగతాది నేనొక్కణ్నే తొక్కాను.

మీరు వెళ్లాలనుకుంటే

• నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. ఆల్ప్స్ కనుమలు చలికాలంలో మంచుతో మూసేస్తారు, మనకి తిరగేసి. వానాకాలంలో ఘాట్ జోలికి పోవద్దు.

• ఘాట్ మీద పొద్దున్నే బయల్దేరి, మధ్యాహ్నం మూడులోపు తిరిగి రండి. జనవరిలో ఆరు కాకుండానే పొద్దు పోతుంది, కొండల్లో ఇంకా ముందే చీకటి.

• బ్రేక్ రబ్బర్లు కొత్తవి వేయించి, ఒక జత సంచిలో పెట్టుకోండి. దిగేటప్పుడు బ్రేక్ అదేపనిగా పట్టుకోవద్దు. మలుపుకి ముందు గట్టిగా పట్టి, తర్వాత వదిలెయ్యండి. రిమ్ చల్లారుతుంది.

• లారీలు, బస్సులు మలుపులో రోడ్డంతా తీసుకుంటాయి. హారన్ వినగానే కొండ వైపు ఆగిపోండి. వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలిగించండి.

• ఒక్కరే వెళ్లొద్దు. సిగ్నల్ ఉండదు కాబట్టి ఎన్నింటికి తిరిగొస్తారో బస చేసిన చోట చెప్పి వెళ్లండి. ప్లాస్టిక్ సీసాలు మళ్లీ మీతోనే తెచ్చేయండి.

• మొదటిసారైతే ఘాట్ కాదు, మా కాలువ గట్టుతో మొదలెట్టండి. బొబ్బర్లంక నుంచి ఆత్రేయపురం మీదుగా లొల్ల లాకుల దాకా. వాలు లేదు కానీ ఎదురుగాలి ఉంటుంది. డెల్టాలో అదే కొండ.

ఇంటికొచ్చాక

చీకటి పడ్డాక ఇల్లు చేరాను. నాన్న అరుగు మీదున్నారు. ముందు టైరు నొక్కి చూశారు, తర్వాత డబ్బా తెరిచారు. పదిహేడులో తొమ్మిది విరిగాయి.

“ఘాట్ దిగావా?”

“సగం దిగి వచ్చేశాను నాన్నా. బావ బ్రేకులు పోయాయి.”

“మంచి పని” అన్నారు. డబ్బా మూత పెడుతున్నారు. ఇంకో నిమిషం ఆగితే లోపలికి వెళ్లిపోతారు.

“నాన్నా, ఉద్యోగం పోయింది. అక్టోబర్లోనే.”

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను ఏవేవో ఊహించుకున్నాను. తిడతారని, ఊరుకోమంటారని. ఆయన అడిగింది ఒక్కటే.

“ఈఎంఐలు ఏమన్నా ఉన్నాయా?”

“ఫోన్‌ది ఒకటి. ఇంకో ఐదు నెలలు.”

“సరే. అది నువ్వు చూసుకోగలవా?”

“చూసుకుంటాను.”

“మరి మొదట్లోనే చెప్పడానికేం?” అన్నారు. గొంతులో కోపం ఉంది, దాచలేదు. ఆ కోపం రెండు రోజులు ఉంది కూడా. దిగినంతా ఎక్కాలి కదా.

అమ్మ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. విరిగిన రేకులు పళ్లెంలోకి తీస్తూ, ఎంతసేపటికో తలెత్తి అడిగింది.

“మరి రోజూ మేడ మీద ఎవరితో మాట్లాడేవాడివిరా?”